నాన్న గుండెలో తొడ కండ

మా నాన్నకు గుండెపోటు రైల్వే యార్డులో వచ్చింది, డ్యూటీ మీద ఉండగా. గూడ్సు బండ్లను పరీక్షించడం ఆయన పని. బండి మెల్లగా యార్డులోకి వస్తుంటే పట్టాల పక్కన ఒంగి నిలబడి చక్రాల చప్పుడు వినాలి. ఏ చక్రం అరిగి చదునైందో, ఏ బేరింగు వేడెక్కిందో చెవితోనే పట్టేసేవారు. ఆ రోజు బండి సగం దాటాక అక్కడే కూలబడిపోయారట. తోటివాళ్ళు ఎండదెబ్బ అనుకుని నెత్తిన నీళ్ళు పోశారు, నీడకు తీసుకెళ్ళి పడుకోబెట్టారు. ఆసుపత్రికి చేర్చేసరికి గంటలు గడిచిపోయాయి. ప్రాణం దక్కింది గానీ గుండె ముందుగోడలో చాలా భాగం చచ్చిపోయింది.

అప్పటికి ఛత్తీస్‌గఢ్ వేరే రాష్ట్రమై ఐదారేళ్ళు. రాయ్‌పూర్ నుంచి మందిర్ హసౌద్ వెళ్ళే దారిలో ఉన్న ఒక కాలేజీ ల్యాబులో నేను రీసెర్చ్ అసిస్టెంటుగా చేరి ఏడాది అయింది. చేరినప్పుడు నాన్నకు ఏ జబ్బూ లేదు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత చుట్టాలూ, రాయ్‌పూర్లో మా తెలుగు చర్చి వాళ్ళూ నేను నాన్న కోసమే ఆ పనిలో చేరానని అనుకున్నారు. పాస్టరు గారు ఒక ఆదివారం ప్రార్థనలోనే, తండ్రి గుండె కోసం కష్టపడుతున్న ఈ బిడ్డను దీవించమని అడిగారు. నేను తల దించుకున్నాను. ఇంకెక్కడా ఉద్యోగం దొరక్క అక్కడ చేరాను, అంతే.

కానీ పని మాత్రం నిజంగానే గుండె గురించి. ఎలుక గుండెకు వెళ్ళే ఒక రక్తనాళాన్ని దారంతో బిగిస్తే, నాన్నకు జరిగినట్టే, కొంత భాగం చచ్చి మచ్చ కడుతుంది. అదే జాతి ఎలుక కాలి కండలోంచి లేత కణాలు తీసి, పెంచి, ఆకుపచ్చగా మెరిసే గుర్తు పెట్టి, సూదితో ఆ మచ్చలోకి ఎక్కిస్తాం. కొన్ని వారాలు ఆగి ఆ గుండెను బయటికి తీసి, పల్చటి ముక్కలుగా కోసి, గోరువెచ్చటి ఉప్పునీటిలో బతికించి ఉంచుతాం. మైక్రోస్కోపు కింద ఆకుపచ్చగా కనిపించిన కణంలోకి, కంటికి ఆనని మొన ఉన్న గాజు గొట్టం గుచ్చి, లోపలి కరెంటు కొలుస్తాం. కాలి కండ గుండెలోకి వెళ్ళాక కాలి కండలాగే ఉంటుందా, లేక గుండెలా మారుతుందా. మా ప్రశ్న ఇంతే.

ప్రశ్న చిన్నదే. దాన్ని అడగడానికే మాకు రెండేళ్ళు పట్టింది.

గుండె ముక్క నాలుగైదు గంటలు బతుకుతుంది. ఆ నాలుగైదు గంటల్లో అన్నీ కుదరాలి. ఉర్లా ఫ్యాక్టరీల నుంచి ఇనుము వేసుకున్న లారీ రోడ్డు మీద పోతే బల్ల కదిలి, కణంలోంచి గాజు మొన జారిపోయేది. స్కూటర్ ట్యూబుల్లో గాలి కొట్టి, వాటిమీద నల్లరాతి పలక పెట్టి, దానిమీద మైక్రోస్కోపు పెట్టుకున్నాం. బల్ల కుదురుకుంది. అప్పుడు ఇంకో గోల మొదలైంది. గోడలోని కరెంటు తీగల రొద మా కొలతల్లోకి వచ్చేసేది. కణం పలికేది చిటికెడు, తీగల రొద చేటెడు. ఇనుప జాలీతో పంజరం కట్టాం, ట్యూబులైట్లు ఆర్పేశాం, ఫ్యాన్ ఆపేశాం. మే నెల రాయ్‌పూర్లో ఫ్యాన్ లేని గదిలో, చెమట ఉప్పునీటిలో పడకుండా నుదుటికి చున్నీ కట్టుకుని కూర్చునేదాన్ని. ఇంత చేసి మొన కణం దాకా తీసుకెళ్తే, గుచ్చిన క్షణంలో కణం చచ్చేది. ఒక్కోసారి వారమంతా పనిచేసినా ఒక్క కణం కూడా చేతికి దక్కేది కాదు.

ల్యాబు నడిపే మా సర్ అక్కడి మనిషే. నెమ్మదిగా, హిందీలో ఛత్తీస్‌గఢీ కలిపి మాట్లాడేవారు. వారం చివర వచ్చి, "ఎన్ని దొరికాయి?" అనేవారు. "ఏం దొరకలేదు సర్." "సరే, సోమవారం చూద్దాం." ఆయన తిట్టి ఉంటే బాగుండేది. ఆ నెమ్మదికి నాకు ఒళ్ళు మండిపోయేది.

నాన్నకు రైల్వే వాళ్ళు కూర్చుని చేసే పని ఇచ్చారు. ఇంటికి వచ్చాక గుమ్మంలోనే కుర్చీలో కూలబడి, ఊపిరి కుదురుకునేదాకా మాట్లాడేవారు కాదు. మా అమ్మ నర్సు. ఆయన చీలమండలు వేలితో నొక్కి, ఎంత గుంట పడుతోందో చూసి, ఒంట్లో నీరు దిగే మాత్ర ఇచ్చేది. ఆవిడ పెద్దగా ఏమీ అనదు. గుడివాడ వైపు నుంచి పెళ్ళై వచ్చిన రోజు నుంచి అంతే.

తిల్దాలో రైస్ మిల్లు ఆఫీసులో పనిచేసే మా మావయ్య ఒక ఆదివారం హిందీ పేపరు ముక్క తెచ్చాడు. తొడ కండలోంచి కణాలు తీసి గుండెలో ఎక్కిస్తే చచ్చిన గుండె మళ్ళీ పనిచేస్తుందని ఎక్కడో ప్రయత్నిస్తున్నారని అందులో ఉంది. నాన్న దాన్ని రెండుసార్లు చదివారు.

"ఇదేగా మన పాప చేసేది?" అన్నాడు మావయ్య.

"ఎలుకల్లో," అన్నాను. "ఇంకా ఏమీ తేలలేదు."

"ఎలుకైతే ఏంటి, గుండె గుండే కదా," అన్నారు నాన్న.

ఆ రోజు నుంచి నేను ల్యాబు నుంచి రాగానే ఆయన అడిగే మాట ఒకటే. "ఏమ్మా, కలిశాయా ఇవాళ?" ఆ కణాలు గుండెతో కలిశాయా అని. నేను చెప్పులు కూడా విప్పి ఉండను. "లేదు నాన్నా" అని లోపలికి వెళ్ళిపోయేదాన్ని. వారం చివర సర్‌కి చెప్పే మాటే ఇంటికొచ్చి నాన్నకు రోజూ చెప్పాల్సి వచ్చేది. ఒకసారి విసుగొచ్చి, "రోజూ అడక్కండి, ఏదన్నా ఉంటే నేనే చెబుతా" అనేశాను. వారం రోజులు అడగలేదు. ఆ వారం ఇంకా కష్టంగా గడిచింది.

చివరికి కణాలు దొరకడం మొదలైంది. తీగల రొద పోవడానికి కారణం ఏమీ గొప్పది కాదు. మైక్రోస్కోపు దీపం ప్లగ్గు మార్చాం, అంతే. అన్ని నెలలూ ఆ ప్లగ్గు నా మోచేతి పక్కనే ఉంది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ చెంప వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ కణాలు చెప్పిన సంగతి మాకు ఎవరికీ పనికొచ్చేలా లేదు. గుండె కణాలు ఒకదానికొకటి ఆనుకుని, మధ్యలో సన్నటి దారులతో ఉంటాయి. ఒకదాని కరెంటు ఆ దారుల్లోంచి పక్కదానికి పాకుతుంది కాబట్టే గుండె అంతా ఒక్క దెబ్బగా కొట్టుకుంటుంది. కాలి కండకు ఆ దారులు ఉండవు. నరం చెబితే కదులుతుంది, లేకపోతే ఊరుకుంటుంది. మచ్చలో చెప్పడానికి నరం లేదు. అయినా అక్కడికి చేరిన కణాలు కొంత మారాయి. కాలిలో అయితే వాటి కరెంటు దెబ్బ చురుక్కుమని లేచి వెంటనే పడిపోతుంది. మచ్చలో కొన్ని వారాలున్నాక కొంచెం నిదానంగా పడుతోంది, గుండె కణం వైపు ఒక అడుగు వేసినట్టు. కానీ పక్కనున్న గుండె పలికినప్పుడు అవి పలకట్లేదు. దాదాపు అన్నీ అంతే. కొన్నయితే ఎవరూ అడక్కుండా వాటంతట అవే కొట్టుకుంటున్నాయి.

ఇదంతా నాన్నకు ఎలా చెప్పాలో తెలియలేదు. చెబితే "మారాయి" అన్న ఒక్క ముక్కే పట్టుకుంటారని భయం. అందుకని సర్‌ని అడిగి, ఒక శనివారం పొద్దున ఆయన్నే ల్యాబుకు తీసుకెళ్ళాను. చెవితో వింటే ఆయనకే అర్థమవుతుందని నా ధీమా.

మా పరికరానికి సర్ ఒక పాత రేడియో స్పీకరు తగిలించారు, కణంలో కరెంటు లేచినప్పుడల్లా టక్కుమనేలా. కళ్ళు మైక్రోస్కోపు మీద ఉంటాయి కాబట్టి చెవితో పని చేసుకోవచ్చని. నాన్న స్టూలు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. గుండె ముక్క అంచున చిన్న తీగ పెట్టి లయగా కరెంటు ఇస్తుంటాం. ముందు మంచి గుండె కణంలో గుచ్చాను. టక్, టక్, టక్. ప్రతి దెబ్బకూ పలికింది. నాన్న తల ఆడించారు.

తర్వాత ఆకుపచ్చ కణం కోసం వెతికాను. మూడోసారికి దొరికింది. తీగ లయగానే కరెంటు ఇస్తోంది. స్పీకరు పలకలేదు. చాలాసేపు ఏమీ లేదు. అప్పుడు ఉన్నట్టుండి మూడు దెబ్బలు గబగబా, మళ్ళీ నిశ్శబ్దం, మళ్ళీ రెండు.

నాన్న కళ్ళు మూసుకుని విన్నారు. యార్డులో వినేటప్పుడు అలాగే వినేవారని అమ్మ చెప్పేది.

"ఇది ఈ బండి చక్రం కాదు," అన్నారు.

నా ప్రాణం లేచొచ్చింది. "అదే నాన్నా నేను చెప్పేది. దాని దారి దానిదే. గుండెతో కలవట్లేదు. ఇలాంటివి గుండెలో ఉంటే లయ తప్పే ప్రమాదం కూడా ఉంది."

ఆయన ఇంకొంచెంసేపు విన్నారు. "కానీ బతికే ఉంది కదమ్మా," అన్నారు. "చచ్చిన చోట పెట్టినా బతికింది. మెల్లగా నేర్చుకుంటుందేమో."

నేను మైక్రోస్కోపు దగ్గర నుంచి లేవలేదు. లేస్తే ఏం అనేస్తానో అని భయమేసింది. సర్ ఆయనకు టీ తెప్పించారు. ఇద్దరూ హిందీలో వరి పంట గురించి మాట్లాడుకున్నారు.

తర్వాత కొన్ని నెలలకు మావయ్య వాకబు చేసి, వేరే రాష్ట్రంలో ఒక పెద్ద ఆసుపత్రి పట్టుకున్నాడు. నాన్నకు ఎలాగూ బైపాస్ చేయాలి. ఆ ఆపరేషన్లోనే తొడ కణాలు కూడా మచ్చలోకి ఎక్కిస్తారట. ఇది ప్రయోగమేనని, ఇష్టమైతేనే చేరమని చెప్పారు. అందరం కలిసి రైలెక్కాం.

అక్కడి డాక్టరు మోసగాడైతే నా కోపానికి ఒక దారి దొరికేది. ఆయన మంచివాడు. లయ తప్పవచ్చని ఆయనే ముందు చెప్పారు. లాభం ఉంటుందో లేదో తెలియదన్నారు. నేను అడిగిన ప్రతిదానికీ ఓపిగ్గా జవాబిచ్చారు. "మీరు కొలిచినవి ఎలుక కణాలు. మనిషిలో ఎలా ఉంటుందో చూడటానికే కదా ఇది," అన్నారు. 

కాగితాలు వచ్చాయి. నాన్న తన చోట సంతకం పెట్టి, ఆఖరి పేజీ నా వైపు జరిపారు. రోగి దగ్గరి బంధువు తనకు అంతా అర్థమైందని సంతకం చేయాలి.

"నువ్వు పెట్టు. మనింట్లో దీని గురించి నీకంటే తెలిసినవాళ్ళు ఎవరున్నారు?"

"తెలుసు కాబట్టే పెట్టను నాన్నా."

మావయ్య నసిగాడు. "పాపా, ఉత్త ఫార్మాలిటీయే."

"మీకు ఫార్మాలిటీ. నేను రోజూ చూస్తున్నాను ఆ కణాలని. కావాలంటే బైపాస్ ఒక్కటే చేయించుకోండి. దానికి పెడతాను."

నాన్న నా మొహంలోకి చూశారు. కోపంగా కాదు. బండి దాటిపోయాక పట్టా వైపు చూసినట్టు చూశారు. "రెండు మెట్లు ఎక్కలేకపోతున్నానమ్మా," అన్నారు. "ఇలా ఎన్నాళ్ళని?"

అమ్మ కళ్ళజోడు పెట్టుకుని కాగితాలు తన ముందుకు లాక్కుంది. మొదటి పేజీ నుంచి చదివింది. డాక్టరుని రెండు ప్రశ్నలు అడిగింది, లయ తప్పితే ఏం చేస్తారని, ఎన్నాళ్ళు కనిపెట్టి ఉంటారని. జవాబు విని తెలుగులో సంతకం పెట్టింది. అన్నీ తెలిసే పెట్టింది. నేను వరండాలోకి వెళ్ళిపోయాను. ఆ సాయంత్రమే రాయ్‌పూర్ బండి ఎక్కేశాను, ల్యాబులో పనుందని. పని నిజంగానే ఉంది. కానీ అది కారణం కాదు.

ముందు తొడలోంచి ముక్క తీశారు. కొన్ని వారాలకు కణాలు పెరిగాక ఆపరేషన్ చేశారు. ఆపరేషన్ రోజున నేను ఎలుక గుండె ముక్కలు కోస్తూ కూర్చున్నాను. ఒక్క కణమూ దొరకలేదు.

నాన్న బాగానే తిరిగొచ్చారు. రెండు నెలలకు కూరగాయల బజారుకు నడిచి వెళ్ళొస్తున్నారు. మావయ్య వచ్చినప్పుడల్లా నన్ను చూసి నవ్వేవాడు. "చూశావా, కలిశాయి." నేను పళ్ళు బిగబట్టుకునేదాన్ని. బైపాస్ చేస్తే కొత్త రక్తం అందుతుంది, దాంతోనే నడక మెరుగవుతుంది. అది బైపాస్ వల్లా, కణాల వల్లా అని ఎవరు చెప్పగలరు? చెప్పాలంటే బైపాస్ మాత్రమే అయిన ఇంకో నాన్న కావాలి. ఈ సంగతి చెప్పబోతే అమ్మ వారించింది. "ఆయన నడుస్తున్నారు. నడవనీ."

ఆ శీతాకాలం, ఆదివారం ఆరాధనలో, అందరూ నిలబడి పాడుతుండగా నాన్న బెంచీ మీద ఒరిగిపోయారు. అమ్మ వెంటనే మణికట్టు పట్టుకుంది, తర్వాత మెడ మీద వేళ్ళు పెట్టింది. నాడి లెక్కకు అందనంత వేగంగా ఉంది. ఆటోలో నాన్న తల నా ఒళ్ళో ఉంది. చొక్కా తడిసి చల్లగా ఉంది. ఆసుపత్రిలో షాక్ ఇచ్చాక గుండె లయకు వచ్చింది. ఈసీజీ కాగితం నా చేతికిచ్చారు. గీతలు వెడల్పుగా, దగ్గరదగ్గరగా, పిచ్చిపట్టినట్టు ఉన్నాయి. అవి గుండె కింది గది నుంచి వస్తున్నాయని చూడగానే తెలిసింది. ఆ గదిలో ఎక్కడి నుంచి అన్నది మాత్రం ఆ కాగితం చెప్పదు.

రాయ్‌పూర్ డాక్టరుని అడిగాను, ఆ కణాల వల్లనా అని. "కావచ్చు," అన్నారు. "పాత మచ్చ వల్లా కావచ్చు. మచ్చ ఉన్న గుండెల్లో ఇది మామూలే." పెద్ద ఆసుపత్రికి ఉత్తరం రాశాను. వివరాలు నమోదు చేసుకున్నామని రెండు వాక్యాల జవాబు వచ్చింది. నాన్న భుజం కింద చర్మంలో, లయ తప్పితే దానంతట అదే షాక్ ఇచ్చే పరికరం పెట్టారు.

వార్డులో ఆయన పక్కన కూర్చున్నప్పుడు, చెప్పాను కదా అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఆయనే ముందు అన్నారు. "నువ్వు చెప్పినట్టే అయింది."

"అదో కాదో తెలియదు నాన్నా. దేనివల్లో చెప్పలేమంటున్నారు."

ఆయన నీరసంగా నవ్వారు. "ఇంత చదివావు, ఆఖరికి ఇదా చెప్పేది?"

నాకు నవ్వు రాలేదు. అప్పటికి నిజంగా నేను చెప్పగలిగింది అదొక్కటే.

ల్యాబులోనూ అదే తంతు. మా ఫలితాలు వ్యాసంగా రాసేటప్పుడు, కాలి కణాలు గుండె కణాలుగా మారుతున్నాయని సర్ శీర్షిక పెట్టారు.

"మారాయి సర్. గుండెగా మారలేదు," అన్నాను.

"మార్పు ఉంది కదా. దిశ అదే కదా."

"పక్కదానితో కలవనిది గుండె కణం ఎలా అవుతుంది?"

ఆయనతో గొంతు పెంచి మాట్లాడటం అదే మొదటిసారి. ఆయన పెన్ను మూత తీశారు. శీర్షిక కొట్టేసి, "నువ్వు రాయి" అన్నారు. నేను రాశాను, ఎంత కొలిచామో అంతే, ఒక్క మాట ఎక్కువ లేకుండా. సైన్సు పత్రిక వాళ్ళు తిప్పి పంపారు. కణాలు చాలవు, ఇంకా కొలవమన్నారు. వాళ్ళు చెప్పింది న్యాయమే. కానీ అప్పటికి ప్రాజెక్టు గడువు అయిపోయింది, ఎలుకల గది ఖాళీ చేయించారు. రాతి పలకను కెమిస్ట్రీ వాళ్ళు పట్టుకెళ్ళారు. సర్ వేరే ఊరు వెళ్ళిపోయారు. నేను ఒక నర్సింగ్ కాలేజీలో శరీరశాస్త్రం చెప్పే పనిలో చేరాను. ఇప్పటికీ అదే పని.

నాన్న ఆ తర్వాత తొమ్మిదేళ్ళు బతికారు. ఆ పరికరం మూడుసార్లు షాక్ ఇచ్చింది. ఇచ్చినప్పుడల్లా గుర్రం తన్నినట్టుందని చెప్పేవారు. సంతకం సంగతి ఆయన ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎత్తాల్సింది నేనే. వదిలేసి రైలెక్కి వచ్చేసింది నేను కదా.

ఒక వానాకాలం న్యుమోనియా వచ్చి పోయారు. గుండెతో సంబంధం లేదు, ఉందేమో కూడా. డ్యూటీ డాక్టరు చిన్నవాడు, మా కాలేజీ పిల్లలకు క్లాసులు చెప్పేవాడు, నాకు పరిచయమే. కాగితాలు రాస్తూ, "ఇంకేమైనా ఉందా మేడమ్?" అని అడిగాడు.

ఉంది. ఆ గుండె ముందుగోడలో మచ్చ ఉంది. ఆ మచ్చలో నాన్న తొడ కండ ఇంకా ఉందో లేదో, ఉంటే ఏ రూపంలో ఉందో, పక్కవాటితో దారులు కట్టుకుందో లేదో, పల్చటి ముక్క కోసి రంగు వేసి చూస్తే కొంతైనా తెలుస్తుంది. పోయిన గుండెలో కరెంటు కొలవలేం. కానీ దారులున్నాయో లేదో చూడొచ్చు. నోరు తెరిచి అడగాలి, అంతే. తెలుసుకునే అవకాశం ఇంకెప్పుడూ రాదు.

అమ్మ బెంచీ మీద కూర్చుని నా వైపే చూస్తోంది. నలభై ఏళ్ళు నర్సుగా చేసిన మనిషి, నా మనసులో ఏముందో ఆవిడకు తెలియకుండా ఉండదు. "అడుగుతావా?" అంది మెల్లగా.

"ఏం లేదమ్మా."

మర్నాడు పదకొండింటికి సమాధి చేశాం. వాన తెరిపి ఇచ్చింది. మావయ్య తిల్దా నుంచి బండి ఆలస్యమై, అన్నీ అయిపోయాక వచ్చాడు. అందరూ వెళ్ళాక కూడా నేను అక్కడే నిలబడ్డాను, నా మీద నాకే కోపంతో. అడగనందుకా, అడగాలనుకున్నందుకా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.